ఏళ్ళ తరబడి మలబద్ధకం: ఎక్కడ ఆగుతోందో కనుక్కుని సరిచేసుకోవడం ఎలా

పొద్దున్నే అరగంట కూర్చున్నా కడుపు ఖాళీ అవ్వదు. కాస్త అయినా, ఇంకా లోపల మిగిలిపోయిందన్న అసంతృప్తితోనే లేస్తారు. నాలుగు రోజులకోసారి గట్టి ఉండలు వస్తాయి. రాత్రి మాత్ర వేసుకుంటే తప్ప కదలిక ఉండదు. వీటిలో ఏదైనా మూడు నెలలకు మించి సాగుతుంటే కింద చెప్పినవి వరసగా చేసి చూడండి. చాలామంది ఈ బాధ ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పుకోరు. మందుల షాపులో ఏదో ఒక సిరప్ అడిగి తెచ్చుకుని ఏళ్ళు నెట్టుకొస్తారు. సిగ్గుపడాల్సిన జబ్బు కాదిది. కారణం తెలిస్తే చాలావరకు తగ్గేదే.

రోజూ అవ్వకపోతే జబ్బే అనుకోకండి. రోజుకు మూడుసార్లు మొదలు వారానికి మూడుసార్ల దాకా ఎంతైనా మామూలే. కాకపోతే మెత్తగా, ముక్కకుండా, తృప్తిగా అవ్వాలి. రోజూ అవ్వకపోతే ఒంట్లో విషం చేరిపోతుందన్న మాట నిజం కాదు. ఆ భయంతోనే ఎంతోమంది అక్కర్లేని మందులు మొదలుపెట్టి, ఆనక అవి లేకుండా ఉండలేకపోతున్నారు.

ఇంటి ప్రయత్నాలు చేయకుండా డాక్టరు దగ్గరకి వెళ్ళాల్సినవాళ్ళు

విరేచనంలో రక్తం కనపడినా, మలం నల్లగా తారులా వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, రక్తం తక్కువగా ఉందని పరీక్షలో తేలినా ముందు డాక్టరుకి చూపించుకోండి. 45, 50 ఏళ్ళు దాటాక ఇన్నేళ్ళ అలవాటు ఉన్నట్టుండి మారిపోయినా, అమ్మానాన్నల్లో గానీ తోబుట్టువుల్లో గానీ ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉన్నా అంతే. కడుపు ఉబ్బి, వాంతులై, గ్యాస్ కూడా పోవడం ఆగిపోతే అది పేగు మూసుకుపోయిన లక్షణం. విరేచనాల మందేదీ వేయకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి.

రక్తం పడగానే మొలలే అని మీకు మీరే తేల్చేసుకోకండి. బోర్డు పెట్టుకుని సూదిమందుతో మొలలు ఎండగడతామనేవాళ్ళ దగ్గరకి అసలు వెళ్ళకండి. రక్తం మొలల వల్లా రావచ్చు, మలద్వారం దగ్గర చీలిక వల్లా రావచ్చు, గడ్డ వల్లా రావచ్చు. వేలితో పరీక్ష చేసి, అవసరమైతే లోపలికి గొట్టం వేసి చూడకుండా ఏదన్నదీ చెప్పలేరు. కాకినాడ జనరల్ ఆసుపత్రి సర్జరీ ఓపీలోనైనా, మీ దగ్గర్లో ఉన్న సర్జన్ దగ్గరైనా ఆ వేలి పరీక్ష రెండు నిమిషాల్లో అయిపోతుంది.

1. రెండు వారాలు రాసిపెట్టుకోండి

గోడ క్యాలెండరు మీదే రాయండి. ఏ రోజు అయింది, ఎన్ని గంటలకి, ఎంతసేపు కూర్చున్నారు, ముక్కాల్సి వచ్చిందా, లేచాక తృప్తిగా ఉందా, మలం ఎలా ఉంది. మలం తీరు చెప్పడానికి డాక్టర్లు 1 నుంచి 7 వరకు ఉన్న బ్రిస్టల్ పట్టిక వాడతారు. విడివిడిగా మేక పెంటికల్లా వస్తే 1. ఉండలన్నీ అతుక్కుని ఒక గట్టి ముద్దలా వస్తే 2. పైన పగుళ్ళున్న పొడుగు ముద్ద 3. నున్నగా, మెత్తగా, పొడుగ్గా వస్తే 4. మనకి కావలసింది 3, 4. ముక్కలు ముక్కలుగా జారితే 5, జావలా వస్తే 6, నీళ్ళలా పోతే 7.

ఈ అంకె మలం పేగులో ఎంతసేపు ఉండిపోయిందో చెబుతుంది. పెద్దపేగు పని నీటిని పీల్చుకోవడం. అక్కడ ఎంత ఆలస్యమైతే అంత గట్టిపడుతుంది. వారానికి రెండుసార్లే అయి, అయినప్పుడల్లా 1, 2 వస్తుంటే పైనుంచి కదలికే నెమ్మదిగా ఉందన్నమాట. అదే మీ క్యాలెండరులో 4 ఉండి కూడా అరగంట కూర్చోవలసి వస్తుంటే కథ వేరు.

2. మీది ఏ రకమో తేల్చుకోండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. కాలవ నిండా నీళ్ళున్నా తూము తలుపు ఎత్తకపోతే చేలోకి చుక్క రాదు. తలుపు ఎత్తి ఉన్నా కాలవలో నీళ్ళు లేకపోతే అప్పుడూ రాదు. మలబద్ధకం కూడా ఈ రెండు రకాలు. కిందకి రావడం ఆలస్యమవడం ఒకటి. వచ్చింది బయటికి పోకపోవడం ఇంకొకటి. కొందరికి రెండూ కలిసి ఉంటాయి.

రెండో రకం గుర్తులు ఇవి: వెళ్ళాలన్న పిలుపు బాగానే వస్తుంది, కూర్చున్నాక ద్వారం దగ్గర ఏదో అడ్డుపడినట్టు ఉంటుంది. మెత్తగా ఉన్నా ముక్కాల్సి వస్తుంది. ఒకసారి వెళ్ళొచ్చాక గంటలో మళ్ళీ వెళ్ళాలనిపిస్తుంది. వేలు పెట్టి తీసుకోవలసి వస్తుంది, లేదా పక్కన నొక్కితే గానీ రాదు. ఎనిమా ఇచ్చినా లోపలే ఉండిపోతుంది. ముక్కినప్పుడు తెరుచుకోవలసిన కండరాలు తెరుచుకోకపోగా ఇంకా బిగుసుకోవడం దీనికి ఒక పెద్ద కారణం. ఇలాంటివాళ్ళు పీచు మీద పీచు తింటే లోపల పోగవ్వడం, కడుపు ఉబ్బడం తప్ప లాభం ఉండదు. "ఇసబ్‌గోల్ వాడాక ఇంకా ఎక్కువైంది" అనేవాళ్ళలో చాలామందిది ఇదే. మీకు ఈ గుర్తులుంటే ఆహారం అంకం మీద తక్కువ ఆశ పెట్టుకుని, కూర్చోవడం గురించి, అభ్యాసం గురించి చెప్పిన అంకాల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి.

3. మందుల డబ్బా తీసి చూడండి

మలబద్ధకం ఎప్పుడు మొదలైంది, ఆ నెలలో ఏ కొత్త మందు మొదలుపెట్టారు? ఐరన్ మాత్రలు, క్యాల్షియం మాత్రలు, నొప్పులకిచ్చే ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు మందు, అల్యూమినియం ఉన్న గ్యాస్ మందులు, నిద్రకీ నరాల నొప్పికీ ఇచ్చే అమిట్రిప్టిలిన్, బీపీకిచ్చే వెరాపమిల్, మూత్రం ఆపుకోలేనివాళ్ళకిచ్చే ఆక్సీబ్యూటినిన్, జలుబుకి నిద్రపట్టించే పాతకాలపు మాత్రలు: ఇవన్నీ బిగిస్తాయి. మీకు మీరే ఆపకండి. "ఇది మొదలుపెట్టాక నాకు విరేచనం అవ్వట్లేదు, మార్చగలరా" అని అడగండి. ఆశా కార్యకర్త ఇచ్చిన ఐరన్ మాత్రలని ఇదే కారణంతో గుట్టుగా పారేసే గర్భిణులు ఉంటారు. పారేయకండి. రోజు విడిచి రోజు వేసుకోవచ్చేమో, రకం మార్చవచ్చేమో అడిగితే చెబుతారు.

థైరాయిడ్ తక్కువగా ఉన్నా, షుగరు చాలా ఏళ్ళుగా ఉన్నా, పార్కిన్సన్స్ జబ్బు మొదలైనా పేగు నెమ్మదిస్తుంది. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగరు, క్యాల్షియం, రక్తం శాతం: ఈ నాలుగు పరీక్షలు ఒకసారి చేయించుకుంటే చాలు.

4. వేళ కుదర్చండి, కూర్చునే తీరు మార్చండి

పెద్దపేగు రోజంతా ఒకేలా కదలదు. నిద్రలేచాక ఒకసారి, కడుపులో తిండి పడ్డాక ఒకసారి దాని కదలిక పెరుగుతుంది. పొద్దున టిఫిను అయ్యాక 20, 30 నిమిషాలకి ఈ రెండూ కలిసొస్తాయి. పనికొచ్చే వేళ అదే. మన గోదావరి డెల్టాలో పొద్దున్న అయిదింటికే చేలోకో, చేపల చెరువు గట్టు మీదకో వెళ్ళిపోయేవాళ్ళు, కాలేజీ బస్సు కోసం పరిగెత్తే పిల్లలు ఆ వేళని పోగొట్టుకుంటున్నారు. పిలుపు వచ్చినప్పుడు ఆపుకుంటే పురీషనాళం, అంటే మలద్వారానికి పైనున్న పేగు చివరి భాగం, సాగి సర్దుకుంటుంది, పిలుపు ఆగిపోతుంది. నెలల తరబడి అలా చేస్తే పిలుపే మొద్దుబారుతుంది. బయట మరుగుదొడ్డి లేదని నీళ్ళు తాగడమే మానేసే ఆడవాళ్ళ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వాళ్ళకి ఈ బాధ సగం అలా వచ్చిందే. పని మీద బయటికి వెళ్ళే రోజు అరగంట ముందు లేచి, కాస్త ఏదైనా తిని, ఇంట్లోనే కూర్చుని వెళ్ళే ఏర్పాటు చేసుకోవాలి.

వేడి కాఫీ పేగుని కదిలిస్తుంది, తాగండి. చుట్ట కాలిస్తేనే వస్తుందనేవాళ్ళు ఆ చుట్ట బదులు ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్ళు, కాఫీ, కాస్త నడక వరసగా పెట్టుకుని రెండు వారాలు అదే వేళకి కూర్చోండి. వేళకి అలవాటు పడ్డ పేగు చుట్ట లేకుండానే కదులుతుంది.

ఇప్పుడు కూర్చోవడం. మలద్వారానికి కాస్త పైన ప్యూబోరెక్టాలిస్ అనే కండరం పురీషనాళాన్ని వెనక నుంచి చుట్టి ముందుకు లాగి పట్టుకుంటుంది. అక్కడ ఒక వంపు ఏర్పడుతుంది. మనం మామూలుగా తిరిగేటప్పుడు మలం జారిపోకుండా ఆపేది ఆ వంపే. గొంతుక్కూర్చున్నప్పుడు తొడలు పొట్టకి దగ్గరై వంపు చాలావరకు తిన్నగా అవుతుంది. పాత దొడ్డిలో గొంతుక్కూర్చునే అలవాటు ఉన్నవాళ్ళు దాన్ని మార్చుకోవద్దు. మోకాళ్ళ నొప్పులొచ్చి కమోడ్ పెట్టించుకున్నవాళ్ళకి, అది వచ్చిన ఏడాదికే మలబద్ధకం మొదలైతే, మందు కంటే ముందు కావలసింది కాళ్ళ కింద ఎత్తు.

7 నుంచి 9 అంగుళాల ఎత్తు ప్లాస్టిక్ స్టూలు ఒకటి తెచ్చుకోండి. వంటింటి పీట చాలదు, దాని ఎత్తు రెండు మూడు అంగుళాలే. స్టూలు కమోడ్‌కి ఆనించి, రెండు పాదాలూ పూర్తిగా దాని మీద పెట్టండి. మడమలు గాలిలో ఉండకూడదు. మోకాళ్ళు తుంటి కంటే పైకి రావాలి. మోకాళ్ళ మధ్య మూరెడు ఎడం ఉంచండి. మోచేతులు తొడల మీద ఆనించి ముందుకి వంగండి. నడుం గూనిగా కాకుండా తిన్నగా ఉండాలి. దవడ వదులుగా ఉంచండి. పళ్ళు బిగించినవాళ్ళు కిందా బిగిస్తారు. మోకాళ్ళు మార్పిడి చేయించుకున్నవాళ్ళు, తుంటి ఆపరేషన్ అయినవాళ్ళు ఎంత ఎత్తు పెట్టవచ్చో సర్జన్‌ని అడిగి పెట్టాలి. పెద్దవాళ్ళకి తడి గచ్చు మీద స్టూలు జారకుండా కింద రబ్బరు పట్టా వేయండి, పక్కన గోడకి పట్టుకునే కడ్డీ పెట్టించండి.

10 నిమిషాలు. అంతకు మించి వద్దు. ఫోను బయటే వదిలేయండి. రాకపోతే లేచి వచ్చేయండి, ఇంకో భోజనం అయ్యాక మళ్ళీ ప్రయత్నించండి. ఎక్కువసేపు కూర్చుని ముక్కడం వల్లే మొలలు వాచేది, ఆసనం జారేది.

5. ఆహారం: లెక్క వేసి మార్చండి

పెద్దవాళ్ళకి రోజుకి 25 నుంచి 30 గ్రాముల పీచు కావాలి. మన డెల్టా తిండిలో ఎంత వస్తోందో చూడండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల ప్రకారం తెల్ల బియ్యంలో 100 గ్రాములకి 3 గ్రాముల లోపే పీచు. మూడు పూటలా కలిపి 300 గ్రాముల బియ్యం వండుకుంటే 8 గ్రాములు. 40 గ్రాముల కందిపప్పుతో 3న్నర. ఇడ్లీలో మినప్పప్పుతో మూడు, నాలుగు. ఒక కూరతో ఇంకో మూడు, నాలుగు. ఎంత కూడినా 18, 20 దాటదు. పప్పు, కూర మానేసి చేపల పులుసు, రొయ్యల వేపుడు పెట్టిన రోజు 12 దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే చేపలో, రొయ్యలో, మాంసంలో, గుడ్డులో, పెరుగులో పీచు అసలు ఉండదు. సంక్రాంతి మూడు రోజులూ అరిసెలు, గారెలు, కోడికూర తిని నాలుగో రోజు బిగుసుకుపోవడంలో వింతేమీ లేదు.

ఇందులో చిన్న మార్పులకి పెద్ద ఫలితం వచ్చేవి మూడు. మొదటిది పెసరట్టు. పొట్టుతో ఉన్న పెసలలో 100 గ్రాములకి 17 గ్రాముల పీచు. 60 గ్రాముల పెసలు నానబోసి రుబ్బి రెండు అట్లు వేసుకుంటే 10 గ్రాములు ఒక్క టిఫినులోనే వస్తాయి. పొట్టు తీసిన పెసరపప్పుతో వేస్తే ఆ లాభం పోతుంది, లోపల ఉప్మా కూరితే ఆకలి దానితోనే తీరిపోయి అట్టు తగ్గుతుంది. రెండోది జామకాయ. 150 గ్రాముల కాయ ఒకటి గింజలతో తింటే సుమారు 12 గ్రాములు. జామ గింజలు పేగులో అడ్డుపడతాయని భయపడేవాళ్ళున్నారు. మామూలుగా రోజుకి ఒక కాయ తింటే అలా జరగదు. దోరకాయ కంటే పండింది నయం. మూడోది ఆకుకూర. ఒక మనిషికి 100 గ్రాముల తోటకూర వండితే 4 గ్రాములకు పైనే. అన్నం తగ్గించి దాన్ని కలుపుకుంటే చాలు. ఇడ్లీ స్థానంలో పెసరట్టు పెట్టి, మిగిలిన రెండిటిలో ఒకటి చేర్చినా 30 దగ్గరకి వస్తుంది.

ఇంకా మన చేతికి అందేవి: కంద బచ్చలి కూర, గోరుచిక్కుడు, బెండకాయ, చిక్కుడు, పెండలం, బొప్పాయి పండు, సపోటా, పనసతొనలు, ఉలవచారులో ఉడికిన ఉలవలు. బాగా మగ్గిన కర్పూర అరటి, చక్కెరకేళి మంచివే. సగం పచ్చిగా ఉన్నవి కొందరికి బిగిస్తాయి. శీతాకాలం తేగలు తినేవాళ్ళు నమలగా మిగిలిన నార మింగకండి. రాగిజావ మంచిదే కానీ ఒక గ్లాసుకి పడే 30 గ్రాముల పిండితో వచ్చేది 3 గ్రాముల పీచే, దాని మీదే భారం వేయకండి. మార్టేరు స్వర్ణ అయినా మరో రకం అయినా, తెల్లగా పట్టించిన బియ్యం బదులు దంపుడు బియ్యం వండుకుంటే 300 గ్రాములకి మరో 5 గ్రాములు కలుస్తాయి. అది కూడా పనికొచ్చే మార్పే.

ఎక్కడ తప్పుతుందంటే, విన్న మర్నాడే అన్నీ మొదలుపెడతారు. గ్యాస్ పట్టి, కడుపు ఉబ్బి, మూడో రోజుకి మానేస్తారు. వారానికి ఒక్కో మార్పు చొప్పున పెంచండి. మొదటి వారం టిఫిను మార్చండి, రెండో వారం పండు కలపండి, మూడో వారం ఆకుకూర. నెల అయ్యాకే ఫలితం గురించి మాట్లాడుకోవాలి.

నీళ్ళు రోజుకి 2 నుంచి 2న్నర లీటర్లు. ఎండాకాలం చేలో, చెరువు దగ్గర చెమటోడ్చేవాళ్ళు మూత్రం లేత పసుపులో ఉండేలా తాగితే చాలు. మజ్జిగ, చారు కూడా లెక్కే. అంతకు మించి ఎన్ని బిందెలు తాగినా మూత్రంగా పోతుందే తప్ప మలం మెత్తబడదు. కిడ్నీ జబ్బు, గుండె బలహీనత ఉన్నవాళ్ళకి నీళ్ళ కొలత డాక్టరు చెప్పిందే. కిడ్నీ జబ్బున్నవాళ్ళు కొబ్బరినీళ్ళు కూడా అడిగే తాగాలి, అందులో పొటాషియం ఎక్కువ.

6. మందు వాడాల్సి వస్తే, ఈ వరసలో

*ఇసబ్‌గోల్.* మొదటి వారం రోజుకి ఒక టీస్పూను, రెండో వారం నుంచి రెండు. పెద్ద గ్లాసు, అంటే 250 మిల్లీలీటర్ల నీళ్ళలో వేసి కలిపి, చిక్కబడక ముందే వెంటనే తాగేయాలి. ఆ పైన ఇంకో గ్లాసు మంచినీళ్ళు తాగాలి. పొట్టు నోట్లో వేసుకుని గుక్కెడు నీళ్ళతో మింగితే గొంతులోనే ఉబ్బి ఇరుక్కుంటుంది, ఇది నిజంగా జరిగే ప్రమాదం. మింగిన వెంటనే పడుకోకూడదు. మిగతా మాత్రలకీ దీనికీ రెండు గంటల తేడా ఉండాలి. రాత్రి వేసుకుని పొద్దున ఫలితం చూడకండి, రెండు మూడు రోజులు పడుతుంది. మింగడం కష్టమయ్యేవాళ్ళకి, పేగు ఎక్కడైనా సన్నబడినవాళ్ళకి, లోపల గట్టి ముద్ద ఇరుక్కుని ఉన్నవాళ్ళకి ఇవ్వకూడదు. ట్రమడాల్ లాంటి మందుల వల్ల వచ్చిన మలబద్ధకానికి ఇది పనికిరాదు.

*పాలీ ఇథిలిన్ గ్లైకాల్ పొడి.* 17 గ్రాముల ప్యాకెట్టు ఒక గ్లాసు నీళ్ళలో పూర్తిగా కరిగించి తాగాలి. పేగులో నీటిని పట్టి ఉంచి మలాన్ని మెత్తబరుస్తుంది. ఒకటి నుంచి మూడు రోజులకి పనిచేస్తుంది. ఎక్కువ కాలం వాడవలసినవాళ్ళకి డాక్టర్లు ఎక్కువగా ఇష్టపడేది ఇదే. లాక్టులోజ్ సిరప్ కూడా ఇలాగే, 15 నుంచి 30 మిల్లీలీటర్లు, కాకపోతే గ్యాస్ ఎక్కువ. షుగరున్నవాళ్ళు డాక్టరుతో చెప్పి వాడాలి.

*బైసాకోడిల్.* 5 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, అవసరమైతే రెండు, పడుకునే ముందు. 6 నుంచి 12 గంటల్లో పనిచేస్తుంది. నమలకూడదు, విరగ్గొట్టకూడదు, పాలతో గానీ గ్యాస్ మందుతో గానీ కలిపి వేసుకోకూడదు. పైపొర పొట్టలోనే కరిగిపోయి కడుపునొప్పి వస్తుంది. పైవి పనిచేయని రోజున, వారానికి ఒకటి రెండుసార్లు వాడుకోవడానికి ఇది. రోజూ ఇదే కావాల్సి వస్తే కారణం ఇంకా దొరకలేదన్నమాట.

మిల్క్ ఆఫ్ మెగ్నీషియా, లిక్విడ్ పారాఫిన్ కలిపిన సిరప్‌లు మన షాపుల్లో అడక్కుండానే ఇచ్చేస్తారు. కిడ్నీ జబ్బున్నవాళ్ళు మెగ్నీషియం తీసుకోకూడదు. మంచం మీద ఉన్న పెద్దవాళ్ళకి, పొలమారే అలవాటున్నవాళ్ళకి పారాఫిన్ పట్టకూడదు, ఊపిరితిత్తుల్లోకి వెళితే న్యుమోనియా వస్తుంది. చూర్ణాలు మూలికలే కదా అని ఏళ్ళ తరబడి వాడేవాళ్ళు డబ్బా మీద పదార్థాలు చదవండి. సునాముఖి అని ఉంటే అది కూడా బైసాకోడిల్‌లా పేగుని రెచ్చగొట్టే మందే. ఆముదం పట్టించడం మన పెద్దవాళ్ళ అలవాటు. అది పేగుని పిండేసి నీళ్ళ విరేచనాలు చేస్తుంది. దీర్ఘకాలపు బాధకి అది దారి కాదు, గర్భిణులకి అసలు వద్దు.

7. ద్వారం తెరుచుకోనివాళ్ళ అభ్యాసం

వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టండి. ముక్కుతో నెమ్మదిగా ఊపిరి పీల్చండి, పొట్ట పైకి లేవాలి, ఛాతీ కదలకూడదు. పీల్చేటప్పుడు మలద్వారం కిందకి వదులై దిగుతున్నట్టు గమనించండి. రోజుకి రెండుసార్లు, అయిదేసి నిమిషాలు. అది పట్టుబడ్డాక, గ్యాస్ ఆపుకుంటున్నట్టు 2, 3 సెకన్లు బిగించి, 10 సెకన్లు పూర్తిగా వదిలేయండి. నేర్చుకోవలసింది ఆ వదలడం. వీళ్ళకి పదేపదే బిగించే వ్యాయామాలు మేలు చేయవు, అసలే బిగుసుకున్న కండరం అది.

ఇక కమోడ్ మీద: పైన చెప్పినట్టు కూర్చుని, పొట్ట నిండా ఊపిరి పీల్చి నడుం చుట్టూ వెడల్పు చేయండి. నోరు తెరిచి "ష్" అంటూ ఊపిరి వదులుతూ నడుం నుంచి కిందకి మెల్లగా తోయండి. ఊపిరి బిగబట్టి మొహం ఎర్రబడేలా ముక్కితే ద్వారం మూసుకుంటుంది. మూడు నాలుగు తోపులు, కాస్త విశ్రాంతి, మళ్ళీ మూడు నాలుగు. పిలుపు సరిగా రానివాళ్ళు కొన్నాళ్ళు టిఫిను తర్వాత గ్లిజరిన్ బిళ్ళ పెట్టుకోవచ్చు. గుండ్రటి మొన వైపు నుంచి వేలి కణుపు లోతున పెట్టి, 15 నిమిషాలు ఆగి కూర్చోవాలి.

ఆరు వారాలు చేసినా మార్పు లేకపోతే గ్యాస్ట్రో ఎంటరాలజిస్టుని "నాకు కిందకి వచ్చింది బయటికి పోవట్లేదు" అని ఈ మాటలతోనే అడగండి. "మలబద్ధకం" అని ఊరుకుంటే ఇంకో సిరప్ రాస్తారు. వేలితో పరీక్ష చేస్తూ ముక్కమన్నప్పుడు కండరం వదులవుతోందో బిగుస్తోందో డాక్టరుకి తెలుస్తుంది. తర్వాత పరీక్షలు రెండు. మలద్వారం ఒత్తిడి కొలిచే మానోమెట్రీ ఒకటి. 50 మిల్లీలీటర్ల నీళ్ళు నింపిన చిన్న బెలూన్ లోపల పెట్టి బయటికి తోయమనడం ఇంకొకటి, మామూలుగా ఒక నిమిషంలో వచ్చేయాలి. ఇవి విశాఖ, హైదరాబాదు లాంటి చోట్ల పెద్ద ఆసుపత్రుల్లో చేస్తారు. లోపం ఇదేనని తేలితే దానికి మందు కంటే బాగా పనిచేసేది బయోఫీడ్‌బ్యాక్. తెర మీద మీ కండరం కదలిక మీకే చూపిస్తూ వదలడం నేర్పుతారు. వారానికొకటి చొప్పున కొన్ని సిట్టింగులు పడుతుంది.

కాన్పులైన ఆడవాళ్ళలో కొందరికి పురీషనాళం ముందు గోడ యోని వైపుకి ఉబ్బి, మలం ఆ సంచిలో ఆగిపోతుంది. యోని వెనక గోడని లోపలి నుంచి వేలితో వెనక్కి నొక్కితే గానీ రాదు. శుభ్రమైన చేత్తో, గోళ్ళు కత్తిరించుకుని అలా నొక్కడంలో తప్పు లేదు, సిగ్గు లేదు. గైనకాలజిస్టుకి మాత్రం ఆ మాట తప్పకుండా చెప్పండి. అడగకపోతే వాళ్ళకి తెలియదు.

చీలిక వల్ల మంట ఉంటే భయంతో ఆపుకుంటారు, ఆపుకున్నది గట్టిపడి చీలికని మళ్ళీ చీలుస్తుంది. అలాంటప్పుడు ముందు పాలీ ఇథిలిన్ గ్లైకాల్‌తో మలం 4కి తేవాలి. విరేచనం అయ్యాక టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పోసుకుని 10, 15 నిమిషాలు కూర్చుంటే కండరం వదులై నొప్పి తగ్గుతుంది.

8. మంచం మీద ఉన్న పెద్దవాళ్ళకి

వారం రోజులుగా అవ్వని మనిషికి ఉన్నట్టుండి నీళ్ళలా కొద్దికొద్దిగా కారుతూ బట్టలు పాడవుతుంటే అది విరేచనాలు కాదు. లోపల రాయిలా గట్టిపడ్డ ముద్ద పక్కనుంచి పైనున్న పల్చటి మలం జారుతోంది. అప్పుడు విరేచనాలు ఆగే మాత్ర ఇస్తే ప్రమాదం. ఇసబ్‌గోలూ ఇవ్వకూడదు. వేలితో పరీక్ష చేయించి, డాక్టరు చెప్పిన ఎనిమాతో గానీ చేత్తో గానీ ముందు దాన్ని తీయించాలి. ఇంట్లో సబ్బునీళ్ళ ఎనిమా చేయకండి, లోపలి పొర కాలుతుంది. షాపులో దొరికే ఫాస్ఫేట్ ఎనిమా కూడా పెద్దవాళ్ళకి, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్ళకి డాక్టరుని అడగకుండా వాడవద్దు.

ఒకసారి ఖాళీ అయ్యాక మళ్ళీ పేరుకోకుండా చూసుకోవాలి. రోజూ టిఫిను అయ్యాక అరగంటకి, ఎత్తి కూర్చోబెట్టగలిగితే కమోడ్ కుర్చీలో కూర్చోబెట్టి పాదాల కింద స్టూలు పెట్టండి. లేవలేనివాళ్ళని ఎడం వైపుకి తిప్పి, మోకాళ్ళు పొట్ట వైపుకి మడవండి. కుడి పక్క పొత్తికడుపు దగ్గర మొదలుపెట్టి పైకి, పక్కటెముకల కింద అడ్డంగా ఎడమకి, అక్కణ్ణుంచి కిందకి, అరచేత్తో మెల్లగా రుద్దండి. పెద్దపేగు సాగే దారి అదే. 10 నిమిషాలు చాలు. ఏ రోజు అయిందో, ఎంత అయిందో మంచం పక్క క్యాలెండరు మీద చూసుకునేవాళ్ళెవరైనా రాసేలా పెట్టండి. రెండు రోజులు ఖాళీగా ఉంటే పాలీ ఇథిలిన్ గ్లైకాల్ పొడి మోతాదు గురించి డాక్టరుని అడగండి, మూడో రోజూ అవ్వకపోతే గ్లిజరిన్ బిళ్ళ పెట్టండి, అప్పటికీ కాకపోతే నాలుగో రోజు దాకా ఆగకుండా పరీక్ష చేయించండి.